రోజూ చెంబెడు నీళ్ళు పోసినా చెట్టు ఎందుకు చస్తుంది?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ ఊరి రోడ్డు పక్కన వెతికినా మే నెలలో ఎండిపోయిన మొక్క ఒకటి దొరక్కపోదు. దాన్ని విరిచి పారేయకుండా, చుట్టూ గడ్డపారతో మెల్లగా తవ్వి బయటికి తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. కానుగ మొక్కే అనుకుందాం. నాటి మూడేళ్ళయింది, పైన నిలువెత్తు ఉంది. కింద వేర్లు మాత్రం ఇంకా నర్సరీ కవరు ఆకారంలోనే ఉంటాయి. గుండ్రంగా చుట్టుకుని, ఒకదాని మీద ఒకటి మెలిపడి, జడ అల్లినట్టు. కొన్నిసార్లు ఆ నల్ల కవరు ముక్క కూడా వేర్ల మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది. గుంత గోడ చూస్తే పారతో చెక్కిన మొరం, గట్టిగా, నున్నగా. అక్కడిదాకా వచ్చిన ఒకటి రెండు వేర్లు గోడకు తగిలి, దారి దొరక్క, మళ్ళీ లోపలికే తిరిగాయి. పై మట్టి మూడు వేళ్ల లోతున తడి. దాని కింద అంతా గోధుమపిండిలా పొడి.

అంటే దానికి నీళ్ళు పోయలేదని కాదు, పోశారు. ఆ నీళ్ళు వేరును చేరలేదు, వేరు నేలను చేరలేదు. దక్షిణ తెలంగాణలో రోడ్ల పక్కన, బడుల్లో, కాలనీల్లో, ఆఫీసుల ఆవరణల్లో చెట్లు నిలవకపోవడానికి ఎండను, వాన లేకపోవడాన్ని తిట్టుకోవడం అలవాటైంది. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం ఆ అడుగున్నర గుంతలో ఉంది.

ఇది ఎడారి కాదు, కానీ ఎనిమిది నెలలు ఎడారే

పాలమూరును కరువు జిల్లా అనీ, ఎడారి అయిపోతోందనీ అనడం పాత మాటే. లెక్క చూస్తే మాత్రం ఎడారికీ ఇక్కడికీ తేడా చాలా ఉంది. అమెరికాలో సోనోరన్ ఎడారి నడుమ ఉన్న ఫీనిక్స్ నగరంలో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన పడదు. దుబాయ్‌లో 100 అటూ ఇటూ. మహబూబ్‌నగర్, నల్గొండలలో మామూలు ఏడాదిలో 600 మిల్లీమీటర్లు దాటుతుంది. ఫీనిక్స్‌కు మూడింతలు. అయినా ఆ ఊళ్ళలో వీధి చెట్లు నిలబడుతున్నాయి, ఇక్కడ నాటినవి నాటినట్టే పోతున్నాయి.

అక్కడ డ్రిప్పు పైపులున్నాయి, డబ్బుంది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ డబ్బుతో పని లేని సంగతొకటి కూడా ఉంది. ఎడారి ఊళ్ళలో చెట్టును పెంచేవాళ్ళు వానను నమ్ముకోరు. పోసే ప్రతి లీటరు ఎంత లోతుకు పోయిందో చూసుకుంటారు. మనకు జూన్ నుంచి సెప్టెంబరు లోపు ఏడాది వానలో ముప్పాతిక వంతు పడిపోతుంది. దాంతో మొక్క నాటి వానకు వదిలేయడం అలవాటైంది. అక్టోబరులో చివరి వాన వెళ్ళిపోయాక మళ్ళీ జూన్ దాకా, అంటే ఎనిమిది నెలలు, ఆ మొక్క ఉన్నది ఎడారిలోనే. 2024 ఎండాకాలంలో నల్గొండ జిల్లాలో కొన్ని చోట్ల 46 డిగ్రీలు దాటింది. దుబాయ్ వేసవితో పోల్చదగ్గ ఎండ అది.

కాబట్టి ఇక్కడ మొక్కకు దొరికే గడువు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో వేరు రెండడుగుల లోతుకైనా దిగితే మొదటి ఎండాకాలం దాటుతుంది. దిగకపోతే ఎన్ని చెంబులు పోసినా అది కుండీలో మొక్కే.

గుంతే కుండీ అవుతుంది

ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి ఎర్ర చలక నేలలు. పైన జానెడో మూరెడో మట్టి, కింద మొరం, కొన్ని చోట్ల తెల్లటి సుద్ద. చలక మట్టి నీటిని తొందరగా పీల్చుకుంటుంది, తొందరగానే వదిలేస్తుంది. కింద మొరం పొర గట్టిగా ఉంటే వేరు అక్కడే ఆగిపోతుంది. ఇక రోడ్డు పక్క నేల సంగతి వేరు. అది చలకా కాదు, రేగడీ కాదు. రోడ్డు వేసేటప్పుడు పోసి, నీళ్ళు కొట్టి, రోలర్‌తో తొక్కించిన మొరం. అందులో తవ్విన గుంత అచ్చంగా సిమెంటు తొట్టి లాంటిదే.

ఆ గుంత ఒకే మొక్కను రెండుసార్లు చంపగలదు. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు నీళ్ళు కిందికి ఇంకవు, గుంతలోనే నిలుస్తాయి. వేర్లకు గాలి ఆడదు, చివర్లు కుళ్ళుతాయి. అలా కుళ్ళిన వేరుతో మొక్క ఎండాకాలంలోకి అడుగుపెడుతుంది. మే నెలలో అది ఎండిపోతే ఎండకు చచ్చిందని రాసుకుంటారు. దాని ప్రాణం నిజానికి ఆగస్టులోనే సగం పోయింది.

ముందే తెలుసుకోవడం కష్టం కాదు. తవ్విన గుంతలో సాయంత్రం రెండు బిందెల నీళ్ళు పోసి వదిలేయాలి. తెల్లారేసరికి ఇంకిపోతే మంచిదే. ఇంకా నిలిచి ఉంటే అడుగున గడ్డపారతో పొడిచి, మొరం పొర పగిలేదాకా రంధ్రం చేయాలి. గోడలు నున్నగా ఉంటే వాటినీ గడ్డపారతో గీరి, పగుళ్ళు పెట్టాలి. ఉపాధి హామీ కొలతల్లో నిలువు, అడ్డం, లోతు సమానంగా ఉన్న గుంతే కనిపిస్తుంది కానీ, చెట్టుకు కావలసింది లోతు కన్నా వెడల్పు. కవరు మట్టిగడ్డకు మూడింతల వెడల్పున నేల గుల్లబారితే వేరు పక్కలకు పరిగెత్తుతుంది, తర్వాత తనకు అనువైన చోట కిందికి దిగుతుంది.

గుంతను ఎండాకాలంలోనే తవ్వి వదిలేస్తే ఇంకా మేలు. ఎండకు గోడలు పగులుతాయి, తొలకరి నీళ్ళు గుంతలో పడి అడుగు మెత్తబడుతుంది. పాత రైతులు మామిడికి చేసేది ఇదే. మొక్కలు నాటే కార్యక్రమాల్లో మాత్రం గుంత తవ్వడం, నాటడం, ఫొటో దిగడం ఒకే పూటలో అయిపోతాయి.

మరో పొరపాటు మంచి మనసుతో చేసేది. గుంత నిండా చెరువు మట్టి, పేడ ఎరువు నింపుతారు. పాపం, వేరుకు ఆ గుంతలోనే విందు దొరికితే బయటి మొరంలోకి ఎందుకు పోతుంది? తవ్విన మట్టినే తిరిగి వేసి, అందులో మూడో వంతుకు మించకుండా చివికిన పేడ ఎరువు కలపడం చాలు. కవరును కింద చించడం కాదు, పూర్తిగా తీసేయాలి. మట్టిగడ్డ చుట్టూ వేర్లు తిరిగి ఉంటే బ్లేడుతో నాలుగు వైపులా నిలువుగా ఒక్కో గాటు పెట్టాలి. చూడటానికి కసాయి పనిలా ఉంటుంది. కానీ చుట్టుకున్న వేరు అలాగే లావెక్కితే ఏడెనిమిదేళ్ళకు అదే కాండానికి ఉరి బిగిస్తుంది. అప్పుడు కారణం ఎవరికీ అంతుపట్టదు.

రెండు చెంబులా, రెండు బిందెలా

రెండడుగుల వెడల్పున్న పాదులో రోజూ రెండు చెంబులు, అంటే సుమారు రెండు లీటర్లు పోస్తే, ఆ నీళ్ళు పాదు మీద పరుచుకుంటే ఏడు మిల్లీమీటర్ల మందం. మట్టిలో అవి మూడు నాలుగు వేళ్ల లోతు దాటవు. మే నెల ఎండలో పళ్లెంలో పోసి బయట పెట్టిన నీళ్ళే రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతాయి. అంటే పొద్దున పోసింది సాయంత్రానికి గాలిలో కలిసిపోతుంది. తడి పైనే ఉంటుంది కాబట్టి వేర్లు కూడా పైకే వస్తాయి. ఇంటివాళ్ళు పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి మొక్క వాడిపోయి ఉంటుంది. వాళ్ళకు తెలియకుండానే దాన్ని రోజుకూలీకి అలవాటు చేశారు మరి.

అదే నీటిని వేరేగా పోయొచ్చు. రోజుకు రెండు లీటర్ల చొప్పున పదిహేను రోజులకు 30 లీటర్లు, అంటే రెండు బిందెలు. ఆ రెండు బిందెలూ ఒకేసారి, మెల్లగా, పాదులో ఇంకేలా పోస్తే చలక నేలలో తడి రెండడుగుల దాకా దిగుతుంది. అంత లోతున ఎండ తగలదు. తడి వారాల తరబడి నిలుస్తుంది. వేరు తడిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. నీళ్ళు ఒక్క లీటరు కూడా ఎక్కువ ఖర్చు కాలేదు.

నాటిన మొదటి ఎండాకాలం వారానికోసారి ఇలా తడపాలి. రెండో ఎండాకాలం పదిహేను రోజులకు, మూడో ఎండాకాలం నెలకోసారి. వేప, కానుగ, చింత, జమ్మి లాంటివి ఆ తర్వాత తమ బతుకు తాము చూసుకుంటాయి. పాదు కూడా చెట్టుతో పాటే పెరగాలి. అయిదేళ్ళ చెట్టు మొదట్లో నీళ్ళు పోయడం వృథా, ఎందుకంటే నీటిని తాగే సన్నటి వేర్లు అక్కడ ఉండవు. కొమ్మల నీడ ఎక్కడ ముగుస్తుందో ఆ అంచు చుట్టూ ఉంటాయి. డ్రిప్పు పెట్టినచోట కూడా మొదటి ఏడాది కాండం దగ్గర పెట్టిన నాజిల్ పదేళ్ళయినా అక్కడే కారుతూ ఉండటం చూస్తాం.

తడి ఎంత లోతుకు పోయిందో చూడటానికి యంత్రాలు అక్కర్లేదు. సెంట్రింగ్ పనిలో మిగిలిన సన్నటి ఇనుప చువ్వ చాలు. నీళ్ళు పెట్టిన మర్నాడు చేతితో నేలలోకి నొక్కితే తడి ఉన్నంతవరకు దిగుతుంది, పొడి మట్టి రాగానే ఆగిపోతుంది. రాయి తగిలి ఆగిందేమో అనుకుంటే రెండు మూడు చోట్ల నొక్కి చూడాలి.

ఇక పంచాయతీ ట్యాంకర్ లెక్క. రోడ్డుకు రెండు వైపులా అయిదు మీటర్లకొకటి చొప్పున కిలోమీటరుకు 400 మొక్కలు వస్తాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్‌తో అన్నింటికీ పోస్తే ఒక్కోదానికి 12 లీటర్లు. ట్రాక్టరు కదులుతూనే ఉంటుంది, వెనక మనిషి పైపు పట్టుకుని మొక్క మొక్కకూ ఒక విసురు విసురుతాడు. పాదు సరిగా లేకపోతే అందులో సగం రోడ్డు మీదికి పారుతుంది. అదే ట్యాంకర్‌తో ఈ వారం సగం రోడ్డుకు, వచ్చే వారం మిగతా సగానికి పోస్తే ఒక్కో మొక్కకు 25 లీటర్లు అందుతాయి. డీజిల్ అదే, మనిషి అతనే. కానీ రిజిస్టరులో ‘అన్ని మొక్కలకు నీళ్ళు పోశాం’ అని రాయడానికి కుదరదు. చిక్కంతా అక్కడే.

బోరు నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫ్లోరైడ్ వల్ల నల్గొండ బోరు నీళ్ళ గురించి దేశమంతా తెలుసు. మనుషులకు ఫ్లోరైడ్ సమస్యైతే, చెట్లకు ఆ నీళ్ళలోని ఉప్పదనం, చౌడు గుణం సమస్య. రోజూ కొంచెం కొంచెం పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగులుతుంది. పాదు అంచున తెల్లటి పొక్కు కనిపిస్తే, ఆకుల కొసలు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగితే, అది నీళ్ళు తక్కువై కాకపోవచ్చు. ఎడారి దేశాల తోటమాలులు పాటించే పద్ధతి దీనికి విరుగుడు. అరుదుగా పోసినా లోతుగా పోసి, ఉప్పును వేర్ల కిందికి తోసేయడం. కానుగ, వేప, తుమ్మ ఇలాంటి నీళ్ళను కొంత ఓర్చుకుంటాయి. కాలనీ గేట్ల దగ్గర వరసగా పెట్టే నరమామిడి ఓర్చుకోదు. అందరూ అశోక చెట్టనేది దాన్నే.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆకులు వాలిపోయాయని కంగారుపడి బకెట్ తీసుకుని పరిగెత్తనక్కర్లేదు. నలభై మూడు డిగ్రీల ఎండలో తడి నేలలో ఉన్న చెట్టు కూడా ఆకు రంధ్రాలు మూసుకుని వాలుతుంది. పొద్దున్నే చూసినప్పుడు కూడా వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఆకులన్నీ రాల్చేసిన మొక్కను చచ్చిందనుకుని పీకేయడం కూడా తొందరపాటే. గోటితో బెరడును కాస్త గీకితే కింద పచ్చగా కనిపిస్తే అది బతికే ఉంది.

పొట్టు, నిప్పు, గేరు

నేలను ఎండకు వదిలేయకుండా కప్పడం వల్ల మిగిలే నీళ్ళు తక్కువేం కావు. పాలమూరులో పల్లికాయ పొట్టుకు కొదవ లేదు, నల్గొండలో వరిగడ్డి ఉంది. రోడ్డు పక్క గడ్డి వేస్తే పశువులు తినేస్తాయి కాబట్టి పొట్టు, ఎండుటాకులు, ముక్కలు చేసిన కందికట్టె నయం. నాలుగు వేళ్ల మందం చాలు. కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపాలి. లేదంటే కప్పిన తడి బెరడుకు తగిలి చెదలు ఎక్కుతాయి. ఫీనిక్స్ లాంటి చోట్ల ఇళ్ళ ముందు కంకర పరుస్తారు. ఈ మధ్య హైదరాబాద్ శివారు విల్లాల నుంచి ఆ ఫ్యాషన్ జడ్చర్ల దాకా వచ్చింది. కంకర నీటిని కొంత ఆపినా, రాత్రి దాకా వేడిని కక్కుతూనే ఉంటుంది. పొట్టు ఉచితంగా దొరికే చోట కంకర కొనడం ఎందుకో అర్థం కాదు.

ఎండుటాకులు చెట్టు కిందే ఉండాలనే మాటకు పెద్ద అడ్డంకి అగ్గిపెట్టె. ఊడ్చిన ఆకు, ప్లాస్టిక్ కవర్లు, డిస్పోజబుల్ ప్లేట్లు అన్నీ చెట్టు మొదట్లోనే కుప్ప పోసి అంటించడం ప్రతి ఊళ్ళో జరిగేదే. మంట పది నిమిషాల్లో ఆరిపోతుంది, చెట్టు ఆకు కూడా మాడదు. కానీ బెరడు కింద వేలు గోరంత మందాన ఉండే జీవ పొర ఆ వైపు ఉడికిపోతుంది. ఏడాది రెండేళ్ళకు ఆ వైపు బెరడు ఊడి, లోపలి కర్ర బయటపడి, చెదలకు దారి తెరుచుకుంటుంది. ఏప్రిల్‌లో పొలం గట్ల మీద పెట్టే నిప్పు రోడ్డు పక్క చెట్లకు పాకడం దీనికి తోడు. ఈ ప్రాంతంలో పెద్ద చెట్లను చంపేవాటిలో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

రోడ్డు చెట్ల కాండాలకు సున్నం, గేరు (ఎర్రమట్టి రంగు) పట్టీలు వేయడం రాత్రిపూట వాహనాలకు కనిపించాలని మొదలైంది. దానివల్ల ఇంకో ఉపయోగం ఉంది. లేత బెరడు మీద పడమటి ఎండ నేరుగా పడితే బెరడు కాలి పగులుతుంది. తెల్ల సున్నం ఆ ఎండను తిప్పికొడుతుంది. ఎడారి ప్రాంతాల్లో పండ్ల చెట్ల కాండాలకు తెల్ల రంగు వేసేది ఇందుకే. సున్నం పర్వాలేదు కానీ, ఆయిల్ పెయింట్ వద్దు.

చెయ్యి తిరిగిన నరుకుడు

వానాకాలానికి ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టడం తప్పదు. తప్పేదల్లా పద్ధతి. తీగకు తగిలే కొమ్మను దాని మొదలు దగ్గర తీయాల్సింది పోయి, చెట్టు నెత్తిని అడ్డంగా నరికేస్తారు. అప్పటిదాకా నీడలో ఉన్న కొమ్మల బెరడుకు ఒక్కసారిగా మే ఎండ తగులుతుంది. నరికిన చోట నుంచి చీపురులా పదిహేను ఇరవై చిగుళ్ళు లేస్తాయి. అవి లోపలి కర్రతో పెనవేసుకుని పుట్టినవి కావు, పైపొరకు అతుక్కున్నవి. రెండేళ్ళకు మళ్ళీ తీగలను అందుకుంటాయి, గాలి దుమారం వస్తే చీలి పడతాయి. నిజానికి అక్కడ పెట్టింది తప్పు చెట్టు. తీగ కింద రెయిన్ ట్రీ నాటి, ఏటా దాని తల నరకడం కన్నా మొదటే రేల లాంటి చిన్న చెట్టు పెడితే సరిపోయేది.

ఇంకో అలవాటు నీటుగా కనిపించాలని కింది కొమ్మలన్నీ తీసేయడం. చిన్న చెట్టుకు కింది కొమ్మలే కాండాన్ని లావు చేస్తాయి, బెరడుకు నీడనిస్తాయి. అవి పోతే సన్నటి కాండం మీద కుచ్చులాంటి తల మిగులుతుంది. పైపైనే తడిసిన నేలలో, కవరు ఆకారంలో చుట్టుకున్న వేరు మీద అలాంటి చెట్టు నిలబడి ఉంటే, మే చివర్లో వచ్చే మొదటి గాలివానకు పడిపోవడంలో వింత లేదు. పడ్డ చెట్టు మొదలు చూస్తే వేర్ల పళ్ళెం బండి చక్రమంత కూడా ఉండదు. రోజూ పోసిన చెంబెడు నీళ్ళ కథ ఆ పళ్ళెంలోనే కనిపిస్తుంది.

ట్రీ గార్డును తీయకపోవడం, కట్టెకు కట్టిన వైరు కాండంలోకి దిగబడటం, ఫ్లెక్సీల మేకులు, కాండం అంచుదాకా పరిచిన సీసీ, టైల్స్, ఇవన్నీ అందరూ చూసేవే. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో చెప్పింది. మన మున్సిపాలిటీల్లో కాంట్రాక్టర్ టైల్స్ లెక్క చదరపు మీటర్లలో ఉంటుంది కాబట్టి ఆ మీటరు ఖాళీ వదలడం ఎవరికీ గిట్టదు.

టైల్స్ బదులు రోడ్డు వాలును వాడుకుంటే ఏమవుతుందో అమెరికాలోని ఎడారి ఊరు టూసాన్ చేసి చూపించింది. అక్కడ కొందరు కాలనీవాళ్ళు రోడ్డు అంచు దిమ్మెను చెట్టు పాదు దగ్గర కోసి, వాన నీళ్ళు వీధి మీద నుంచి పాదులోకి వచ్చేలా చేశారు. మొదట్లో చట్టవిరుద్ధమే, తర్వాత నగరమే ఒప్పుకుంది. లెక్క సులువు. మూడు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవున్న రోడ్డు ముక్క మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 300 లీటర్లు. అంటే ఒక్క వానకు ఇరవై బిందెలు. మనకు టూసాన్‌కు రెట్టింపు వాన ఉంది.

పైకి కనిపించని జమ్మి

తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. దసరా నాడు దాని ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం, అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటాం. రాజస్థాన్ థార్ ఎడారిలో ఖేజ్రీ అనేదీ, అరబ్బు దేశాల్లో ఘాఫ్ అనేదీ ఇదే చెట్టు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు అది జాతీయ వృక్షం. 2019ని ఆ దేశం సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నది ఈ చెట్టునే. దాని వేరు నీటి కోసం నూరడుగుల దాకా కూడా దిగుతుందంటారు.

అలాంటి చెట్టు మన రోడ్ల మీద ఎక్కడుంది? గుడి దగ్గర ఒకటి, పొలిమేరలో ఒకటి. రోడ్ల మీద కొన్నేళ్ళపాటు వెలిగింది కోనోకార్పస్. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు, గల్ఫ్ దేశాల్లో వీధి వీధినా నాటింది. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, రెండేళ్ళకే గోడలా కమ్ముకుంటుంది. వేర్లు నీటి పైపుల్లోకి, మురుగు కాల్వల్లోకి చొరబడతాయని కువైట్, ఇరాక్‌లలో గోల మొదలయ్యాక గానీ దాని అసలు రంగు తెలియలేదు. గుజరాత్ 2023లో నిషేధించింది. తెలంగాణలోనూ హరితహారంలో దాన్ని నాటొద్దని ఆదేశాలు వచ్చాయి. వాళ్ళు విసిగిపోయిన చెట్టును మనం తెచ్చుకున్నాం, వాళ్ళు నెత్తిన పెట్టుకున్న చెట్టు మన పొలిమేరలోనే ఉంది.

దీన్ని అధికారుల అజ్ఞానంగా చూడటం తేలిక, కానీ అది సరైన వివరణ కాదు. లెక్క కట్టే తీరులో కారణం ఉంది. 2015 జూలైలో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను గ్రామ పంచాయతీల మీద పెట్టింది. బాధ్యత పెట్టడం మంచిదే, అంతకుముందు అదీ లేదు. ఊరూరా నర్సరీ, ట్రాక్టరు, ట్యాంకర్ వచ్చాయి. కానీ తనిఖీకి వచ్చినవాళ్ళు చూసేది మొక్క పచ్చగా ఉందా లేదా అన్నదే. మేక తినకూడదు, ఎండాకాలంలో ఆకు రాల్చకూడదు, తొందరగా ఎత్తు పెరగాలి. ఈ మూడు షరతులు పెడితే ఏ కార్యదర్శి అయినా కోనోకార్పస్‌నో, ఏడాకుల చెట్టునో, మహా అయితే కానుగనో ఎంచుకుంటాడు. జమ్మి మొదటి రెండేళ్ళూ కిందికే పెరుగుతుంది. పైన జానెడు ముళ్ళ కొమ్మ, కింద మనిషెత్తు వేరు. మేక దాన్ని ఇష్టంగా తింటుంది. తనిఖీలో అది ఫెయిలైన మొక్క, నేలలో మాత్రం అన్నింటికన్నా ముందున్న మొక్క.

పచ్చదనాన్ని పైకి కనిపించే దాంతోనే కొలిస్తే చెట్టును పెంచేవాళ్ళు కూడా పైకి కనిపించేదే పెంచుతారు. రోజూ చెంబెడు నీళ్ళ అలవాటుకూ, ట్యాంకర్ ప్రతి మొక్క ముందూ ఆగాలనే పట్టుకూ మూలం ఇదే.

వేప భయం

2021 వానాకాలం చివర తెలంగాణ అంతటా వేప చెట్ల కొసలు ఎండి, చెట్టుకు చెట్టే మాడినట్టు కనిపించింది. ఊళ్ళలో రకరకాల పుకార్లు పుట్టాయి. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. లేత చిగుళ్ళను పీల్చే టీ దోమ అనే నల్లి దానికి తోడైంది. చాలా చెట్లు తర్వాత మళ్ళీ చిగిర్చాయి. భయపడి నరికేసినవి మాత్రం తిరిగి రాలేదు. ముప్పై అడుగుల వేప చెట్టు మొత్తం మీద మందు కొట్టడం ఊళ్ళో ఎవరివల్లా అయ్యే పని కాదు. ఎండు కొసలు పచ్చి కొమ్మ దాకా కోసి తగలబెట్టడం, ఎండాకాలంలో లోతుగా ఒకటి రెండు తడులు ఇవ్వడం ఎవరైనా చేయగలిగేవి. దాహంతో ఉన్న చెట్టు మీదే పురుగూ తెగులూ ముందు పడతాయి.

పిల్లలమర్రికి సెలైన్

ఈ మొత్తం విషయాన్ని ఒకే చోట చూడాలంటే మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి దగ్గరికి వెళ్ళాలి. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. లోపల చెదలు తినేసి గుల్ల చేశాయి. సందర్శకులను ఆపేశారు. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు ఎక్కించబోతే అది వెనక్కి కారిపోయింది. అప్పుడు 2018లో ఆస్పత్రి సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి, కొమ్మలకు వేలాడదీసి, బొట్టు బొట్టుగా ఎక్కించారు. మర్రిచెట్టుకు సెలైన్ అని ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి.

ఆ ఫొటోల్లో కనిపించని పనులు కూడా జరిగాయి. వేర్ల దగ్గర మట్టికి మందు పట్టించారు. బరువు మోయలేని కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు కట్టారు. కొమ్మల నుంచి దిగే లేత ఊడలకు పైపులు తొడిగారు. మర్రి ఊడ గాల్లో వేలాడినంత కాలం దారమే. నేలలో దిగి వేరు పట్టాకే స్తంభమై కొమ్మను మోస్తుంది. మనుషులు పట్టుకుని ఊగితే, తొక్కితే, నేల అందకముందే తెగిపోతుంది. అందుకే ఒక్కో ఊడనూ ఒక్కో పైపులో పెట్టి, దాని కొస మట్టిని తాకేదాకా కాపలా కాశారు.